ఫ్లూట్ ఊదిందెవరప్పా?

నిన్న కడపలో కరెంటు పోతే మిద్దె మీద పడుకొని ఫోన్‌లో సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ పాట పెట్టుకున్నా. చరణానికి ముందు ఫ్లూట్ వచ్చింది, ప్రాణం లేచొచ్చింది. ఊదిందెవరా అని యాప్‌లో గెలికితే గాయకుడి పేరొక్కటే! రాసినాయనకే దిక్కులేదు, వాయించినాయన సంగతి ఇంక చెప్పాల్నా? సంవత్సరం 2014 అంట. మహదేవన్ 2001లోనే పోయారు కదప్పా! ఫైలు ఎక్కించిన ఏడాది వేసినట్టున్నారు. ఆల్బమ్ పేరేమో 'వాన పాటలు', సినిమా పేరు గాలికి.

ఏడురోడ్ల దగ్గర కొన్న క్యాసెట్ అట్ట మీద చీమతలకాయంత అక్షరాల్లోనైనా రచన, సంగీతం ఉండేవి. (కళ్లజోడు కావాల్సొచ్చేది, అది వేరే విషయం.) సినిమా టైటిల్స్‌లో 'మామ' అని అందరూ పిలిచే మహదేవన్ సహాయకుడు పుహళేంది పేరూ పడేది. ఇప్పుడు ఆ పేరు కొట్టి వెతికితే ఏదో డీజే రీమిక్స్ మోగింది. పక్కమిద్దె పెద్దాయన లేచి తిట్టాడు.