నడక ముందు, మెదడు తర్వాత
మెదడు పెరిగిన తర్వాతే మన పూర్వీకులు రెండు కాళ్లపై నిలబడ్డారని మానవ పరిణామంపై మీరు వేసిన వ్యాసంలో రాశారు, కానీ శిలాజాలు చెప్పేది ఇందుకు విరుద్ధం. 1974లో ఇథియోపియాలోని హడార్‌లో దొరికిన లూసీ, అంటే మన పూర్వీకుల తరహా ఆడ జీవి శిలాజ అస్థిపంజరం, దాదాపు 32 లక్షల ఏళ్ల నాటిది. ఆమె కటి, మోకాలి ఎముకలు నిటారు నడకకు తగినట్లే ఉన్నా, ఆ జాతి మెదడు మాత్రం మన మెదడులో సుమారు మూడో వంతే. టాంజానియాలోని లేటోలిలో, 36 లక్షల ఏళ్ల క్రితం తడిసిన అగ్నిపర్వత బూడిదపై పడిన అడుగుల్లో మడమ లోతుగా దిగింది, బొటనవేలు చింపాంజీకి మల్లే పక్కకు చీలకుండా మిగతా వేళ్ల వరుసలోనే ఉంది. మిర్యాలగూడ దగ్గర మా వరి పొలం ఒడ్డున, వాన వెలిశాక మా నాన్న అడుగులు చూసినప్పుడల్లా నాకు అవే గుర్తొస్తాయి. బడి పిల్లలు కూడా చదువుతారు కాబట్టి వ్యాసంలోని ఆ వాక్యాన్ని దయచేసి సరిచేయండి.