ఖాళీ వ్యాగనే గెలిచింది

అమెరికా అంతర్యుద్ధం అనగానే అందరూ పెద్ద పోరు జరిగిన గెటిస్‌బర్గ్ కొండల దగ్గరే ఆగిపోతారు. నా కన్ను మాత్రం ఆ ఊరికి కాస్త దూరంలో ఉన్న వెస్ట్‌మినిస్టర్ అనే చిన్న స్టేషన్ మీద పడుతుంది. 1863 జులై మొదటి వారం. సింగిల్ లైను. రైలు పక్కకు తప్పుకోవడానికి లూపు లైను లేదు, టెలిగ్రాఫ్ తీగ లేదు, ఇంజిన్లకు సరిపడా నీళ్లు లేవు. కొండల అవతల, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలతో పోరాడుతున్న లింకన్ ఉత్తరాది సైన్యం, సుమారు 90 వేల మంది, తిండి కోసం ఎదురుచూస్తోంది.

హెర్మన్ హాప్ట్ అనే రైల్వే ఇంజినీరు అక్కడికి వర్జీనియాలోని అలెగ్జాండ్రియా నుంచి 400 మంది రైల్వే మనుషుల్ని, చీల్చిన కట్టెల్ని, లాంతర్లని, బకెట్లని రప్పించాడు. బకెట్లు ఎందుకంటే, దారిలో వాగు కనబడిన చోట రైలాపి, నీళ్లు తోడి ఇంజిన్‌లో పోయడానికి! పది వ్యాగన్ల రైళ్లు ఐదేసి ఒక గుంపు. ఎనిమిది గంటలకొక గుంపు. రోజుకు 15 రైళ్లు, 150 వ్యాగన్లు, 1,500 టన్నులు. ఐదు రైళ్లూ ఒకదాని వెనక ఒకటి నిలబడేవి. అన్నింటి సరుకూ ఒకేసారి దించేసేవాళ్లు. ఆ ఖాళీ వ్యాగన్లలోనే గాయపడ్డ సైనికుల్ని పడుకోబెట్టి వెనక్కి పంపేవాళ్లు. ఒక గుంపు దిగుమతి ఆలస్యమైతే తర్వాతి గుంపు సరుకు బయల్దేరే బాల్టిమోర్ వైపు నుంచి కదలడానికే లేదు. పథకం మొత్తం ఆ దిగుమతి మీదే నిలబడింది.

నా వాదన ఇదే. ఉత్తరాదిని గెలిపించింది ఎక్కువ వ్యాగన్లు ఉండటం కాదు, ఉన్న వ్యాగన్‌ని ఖాళీ చేసి వెనక్కి పంపించగలగడం. సరుకు దించడం హమాలీ పని అనుకుంటాం. కానీ దించమని ఒక జనరల్‌కి చెప్పడానికి అధికారం కావాలి. ఆ అధికారం రైలు నడిపేవాడి చేతికి వచ్చిన రోజే యుద్ధం మలుపు తిరిగింది.

రుజువు కావాలంటే అంతకు ముందు ఏడాది చూడండి. 1862 వేసవిలో వర్జీనియాలో ఉత్తరాది సైన్యం పగ్గాలు కొత్తగా పట్టిన జనరల్ పోప్, రైళ్లు సైన్యం సరఫరా శాఖ కింద ఉంటే చాలనుకున్నాడు. అప్పటిదాకా అక్కడ రైళ్లు చూసుకుంటున్న హాప్ట్ మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోయాడు. కొన్ని వారాలకే లైన్లన్నీ బిగుసుకుపోయాయి. ఒక్క చక్రం కూడా కదలడం లేదు, వెంటనే రమ్మని యుద్ధశాఖ నుంచి టెలిగ్రాం వెళ్లింది. అదే ఉత్తరాది, అవే ఇంజిన్లు, అవే పట్టాలు. మారింది మనిషీ, అతని నియమాలూ. అధికారులకి వ్యాగన్ అంటే చక్రాలున్న గోడౌన్. సరుకు అందులోనే ఉంచేస్తే వానకి తడవదు, కాపలా సులువు, రేపు సైన్యం కదిలితే మళ్లీ ఎక్కించే బాధ ఉండదు. ఒక్కొక్క అధికారి కోణంలో చూస్తే ఇది తెలివైన పనే. అందరూ అదే తెలివి చూపిస్తే ముందున్న సైన్యానికి పస్తే.

హాప్ట్ తిరిగొచ్చాక కూడా పోరు ఆగలేదు. ఆగస్టులో జనరల్ స్టర్జిస్ తన దళాన్నే ముందు పంపాలని లైనునే ఆక్రమించి రైళ్లు ఆపేశాడు. పోప్‌కి సాయం అందాల్సిన సమయం అది. పోప్ పేరెత్తితే స్టర్జిస్ అన్న మాట ఇక్కడ రాయలేను గానీ, అందులో గుడ్లగూబ రెట్ట ఉంది. ఆ నవంబరులో యుద్ధశాఖ గట్టి ఉత్తర్వు ఇచ్చింది: ఎంతటి అధికారైనా రైళ్ల రాకపోకల్లో వేలు పెడితే ఉద్యోగం ఊడుతుంది. నన్నడిగితే ఈ ఒక్క కాగితానికే విగ్రహం కట్టాలి.

ఇదంతా ఎందుకు, ఉత్తరాదికి 20 వేల మైళ్లకు పైగా పట్టాలు, దక్షిణాదికి సుమారు 9 వేలు, ఫ్యాక్టరీలన్నీ ఉత్తరాన, ఎవరు నడిపినా గెలుపు వాళ్లదేగా అనేవాళ్లున్నారు. లెక్క సరైనదే. కానీ ఆ పట్టాలూ ఫ్యాక్టరీలూ 1862లోనూ ఉన్నాయి. ఆ వేసవి వర్జీనియాలో అవి ఒక్క చక్రాన్నీ తిప్పలేకపోయాయి.

దక్షిణాది కథ ఇంకా విచిత్రం. రాష్ట్రాల హక్కుల పేరుతో యుద్ధానికి దిగిన ప్రభుత్వానికి సొంత రైల్వే కంపెనీల మీద చెయ్యి వేయడానికి మొహమాటం. తమ వ్యాగన్ పక్క లైను మీదికి వెళితే తిరిగి రాదేమోనని కంపెనీలు పంపేవి కావు. షార్లట్‌లో గేజ్ మారుతుంది, సరుకంతా దించి ఎక్కించాల్సిందే. రైళ్ల సమన్వయానికి పెట్టిన విలియం వాడ్లీ పదవికి వాళ్ల సెనేటే ఆమోదం ఇవ్వలేదు. రైల్వేలను పూర్తిగా చేతిలోకి తీసుకునే చట్టం 1865 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి ఇల్లు కాలిపోయింది. ఉత్తరాదిలో లింకన్‌కి ఆ అధికారం 1862 జనవరిలోనే ఉంది. దాన్ని ఉత్తరాది కంపెనీల మీద పెద్దగా వాడాల్సిన అవసరమే రాలేదు. కర్ర గోడకి వేలాడుతూ అందరికీ కనబడుతుంటే చాలు.

ఉత్తరాది జనరల్ షెర్మన్ దీన్ని చివరిదాకా లాగాడు. 1864లో లూయీవిల్ నుంచి అట్లాంటా దాకా 473 మైళ్ల సింగిల్ లైను మీద 196 రోజులు లక్ష మందినీ 35 వేల జంతువులనూ పోషించాడు. రైలు లేకుంటే ఆరేసి కంచరగాడిదలు కట్టిన బండ్లు 36,800 కావాల్సి వచ్చేవని ఆయన లెక్క. అందుకోసం పౌరుల ప్రయాణాలు ఆపేశాడు. జనం లింకన్‌కి మొరపెట్టుకున్నారు, లింకన్ అడిగాడు, షెర్మన్ వినలేదు. ఉత్తరం నుంచి వచ్చిన వ్యాగన్లను ఆపి తన లైనుకి మళ్లించమన్నాడు. జార్జియా అడవుల్లో ‘డెలావేర్ అండ్ లాకవానా’ అని ఎక్కడో ఉత్తరాది కంపెనీ పేరు రాసి ఉన్న వ్యాగన్లు కనబడి ఆయనకే నవ్వొచ్చిందట. ఇది దౌర్జన్యం కాదా? అవును. కానీ ఆ వ్యాగన్లను ఆయన దాచుకోలేదు, తిప్పాడు.

తిప్పడం విలువ మనకీ ఒకసారి తెలిసొచ్చింది. 2021 ఏప్రిల్‌లో, కోవిడ్ ఉధృతిలో, హైదరాబాద్ బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో ఒడిశాకు పంపింది ఆక్సిజన్ కాదు, ఖాళీ ట్యాంకర్లు. నిండినవాటిని విమానం ఎక్కించలేరు కాబట్టి, వెళ్లే దారిలోనైనా రోజులు మిగుల్చుకున్నారు. ప్రాణం మీదికి వస్తే గానీ ఖాళీ బండి మన కంటికి ఆనదు.

మామూలు రోజుల్లో ఏం చేస్తామో చూడాలంటే యాసంగి కొనుగోళ్లప్పుడు ఏ రైస్ మిల్లు గేటు దగ్గరికైనా వెళ్లండి. మొన్నటి సీజన్లో నేను వెళ్లినచోట వడ్ల లారీలు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. ఆ పొద్దునే కొనుగోలు కేంద్రంలో రైతులకు చెప్పిన కారణం ‘లారీల కొరత’. ఒక లారీ కింద స్టవ్ పెట్టుకుని డ్రైవర్ అన్నం వండుకుంటున్నాడు. ఎన్నాళ్లయింది తమ్ముడూ అంటే, మూత తీసి మెతుకు నొక్కి చూస్తూ చెప్పాడు.

“నాలుగు రోజులు. దించుకుంటే ఈపాటికి ఇంకో రెండు ట్రిప్పులు కొడుతుంటి గదా అన్నా.”