ఎల్‌ఎస్‌యూను కూల్చింది జో బ్రేడీ నిష్క్రమణ కాదు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ జట్టు అఫెన్సివ్ కోఆర్డినేటర్ (జట్టు దాడిని నడిపే కోచ్) వేరే చోటికి వెళ్లినా అభిమానుల్లో వెంటనే ఒక మాట చక్కర్లు కొడుతుంది: ఎల్‌ఎస్‌యూకు పట్టిన గతి గుర్తు తెచ్చుకోండి అని. 2019లో లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) జట్టు ఆడిన పదిహేను మ్యాచ్‌లూ గెలిచి జాతీయ విజేత అయింది. ఆ జట్టు పాసింగ్ ఆటకు, అంటే బంతిని విసిరి అందించే ఆటకు, కొత్త రూపమిచ్చిన ముప్పై ఏళ్ల జో బ్రేడీ, ఫైనల్ ముగిసిన కొద్ది రోజులకే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని కరోలినా పాంథర్స్‌లో చేరాడు. మరుసటి సీజన్‌లో ఎల్‌ఎస్‌యూ ఐదు గెలిచి ఐదు ఓడింది. దీని నుంచి తీసిన నీతి ఇది: బ్రేడీ వెళ్లాడు, దాడి (బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆట) పడిపోయింది, దాంతో జట్టు కూలింది, కాబట్టి కోఆర్డినేటర్ పోతే జట్టు పోయినట్టే.

వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఈ కథలో దాదాపు ప్రతి ముక్కా తప్పు. ఆ తప్పు వల్ల కొందరికి అన్యాయం జరిగింది, ఆ జట్టుకు స్వయంగా నష్టం కూడా జరిగింది. అందుకే ఒక్కో మాటనూ విడిగా పరిశీలించాలి.

పిల్లలు అక్కడి యూనివర్సిటీల్లో చేరాక శనివారాలు ఈ ఆట చూడటం మొదలుపెట్టిన తెలుగు కుటుంబాల కోసం ముందుగా ఒక వివరణ. అమెరికన్ ఫుట్‌బాల్ నిరంతరాయంగా సాగే ఆట కాదు. ప్రతి ప్లే ఒక విడి ఎత్తు. అది ముగియగానే ఆట ఆగుతుంది, తర్వాతి ఎత్తు కోసం పదకొండు మందీ మళ్లీ వరుస కడతారు. బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఎవరు ఎటు పరుగెత్తాలో, బంతి ఎవరికి అందాలో సెకన్లలో నిర్ణయించి చెప్పేవాడే అఫెన్సివ్ కోఆర్డినేటర్. 2019లో కాలేజీ ఆటగాళ్ల హెల్మెట్లలో రేడియో లేదు. పైన గదిలో కూర్చున్న కోచ్ నిర్ణయం మైదానం అంచుకు చేరి, అక్కడి నుంచి చేతి సైగలుగా, బొమ్మల బోర్డులుగా ఆటగాళ్లకు అందేది. ఇది చిన్న పని కాదు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశమూ కాదు.

మొదటి మాట: "ఎల్‌ఎస్‌యూ తన అఫెన్సివ్ కోఆర్డినేటర్‌ను పోగొట్టుకుంది."

పోగొట్టుకోలేదు. 2019లో ఆ పదవిలో ఉన్నది స్టీవ్ ఎన్స్‌మింగర్. బ్రేడీ హోదా పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్, దానితో పాటు రిసీవర్ల (విసిరిన బంతిని అందుకునేవాళ్ల) కోచ్. అంతకుముందు రెండేళ్లు న్యూఆర్లియన్స్ సెయింట్స్‌లో సహాయకుడిగా పనిచేసి, అక్కడ నేర్చిన పాసింగ్ ఆలోచనలను ఎల్‌ఎస్‌యూ ఉన్న బేటన్‌రూజ్‌కు తెచ్చాడు. ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ సహాయ కోచ్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు అతనికి దక్కింది, అందుకు అతను అన్నివిధాలా అర్హుడు. కానీ దాడి పగ్గాలు ఉన్నది ఎన్స్‌మింగర్ చేతిలో. ఆయన 1970ల చివర్లో ఇదే ఎల్‌ఎస్‌యూకు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే మైదానంలో బంతిని విసిరి దాడిని నడిపే ఆటగాడిగా, ఆడినవాడు. 2020లోనూ ఆయన అదే పదవిలో, అదే జట్టుతో ఉన్నాడు. ఆ సంగతి ఈ కథ చెప్పేవాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. ఇద్దరు కలిసి కట్టిన ఇంటికి ఒక్కడి పేరే పెట్టి, రెండోవాడిని గడప బయట నిలబెట్టారు.

రెండో మాట: "బ్రేడీ లేకపోవడంతో దాడి కుప్పకూలింది."

ఇక్కడ కాస్త నిలిచి లెక్కలు చూడాలి. 2019లో ఎల్‌ఎస్‌యూ 726 పాయింట్లు సాధించింది, అంటే మ్యాచ్‌కు సగటున 48.4. 2020లో పది మ్యాచ్‌ల్లో 320, అంటే సగటున 32. పదహారు పాయింట్లకు పైగా తరుగుదల. ఈ రెండు అంకెలనే పక్కపక్కన పెట్టి చూపిస్తారు.

మూడో అంకె చూపించరు. బ్రేడీ రాకముందు, 2018లో, అదే ఎన్స్‌మింగర్ నడిపిన దాడి పదమూడు మ్యాచ్‌ల్లో 421 పాయింట్లు చేసింది. సగటు 32.4. ఆ జట్టు పది గెలిచి మూడే ఓడింది, ఆఖరి మ్యాచ్ ఫియెస్టా బౌల్‌లో సెంట్రల్ ఫ్లోరిడాను ఓడించి సీజన్‌ను ముగించింది. దాదాపు అదే సగటుతో ఒక ఏడాది పది విజయాలు, మరో ఏడాది ఐదు. ఆ రెండు ఏళ్ల మధ్య తేడా తెచ్చింది దాడి కాదు. ఎదుటి జట్లకు ఇచ్చిన పాయింట్లు చూడండి: 2018లో మ్యాచ్‌కు 21.8, విజేతగా నిలిచిన 2019లో 21.9, 2020లో 34.9. ఒక్కో మ్యాచ్‌లో పదమూడు పాయింట్లు అదనంగా కారిపోయాయి. కన్నం కుండ అడుగున ఉంటే వీళ్లంతా మూత కోసం వెతుకుతున్నారు.

ఆ కన్నం పడిన తీరు సీజన్ తొలి మ్యాచ్‌లోనే కనిపించింది. 2020 సెప్టెంబర్ 26న మిసిసిపీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కె.జె. కాస్టెలో ఎల్‌ఎస్‌యూ మీద 623 గజాల పాసింగ్ చేశాడు. అది ఈ రెండు జట్లూ ఆడే లీగ్ ఎస్‌ఈసీ చరిత్రలో రికార్డు. ఎల్‌ఎస్‌యూ 34 పాయింట్లు చేసి కూడా 44-34తో ఓడింది. రెండు వారాలకు మిసోరీతో మ్యాచ్. తుపాను కారణంగా దాన్ని బేటన్‌రూజ్ నుంచి మిసోరీలోని కొలంబియాకు మార్చారు. అక్కడ మైల్స్ బ్రెనన్ 430 గజాలు, నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు (గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు) విసిరాడు. జట్టు 41 పాయింట్లు చేసింది, 45-41తో ఓడింది. ఆ రెండు ఓటములనూ దాడి ఖాతాలో వేయడం ఏ న్యాయం?

ఒక విషయం ఒప్పుకోవాలి. మిసోరీ మ్యాచ్ చివరి నిమిషంలో గోల్ గీత ముంగిట ఒక గజం దూరంలో బంతి పెట్టుకుని కూడా ఎల్‌ఎస్‌యూ టచ్‌డౌన్ చేయలేకపోయింది. బ్రేడీ పక్కన ఉండి ఉంటే అక్కడ మెరుగైన ఎత్తు దొరికేదని ఎవరైనా అంటే నేను కాదనను. ఆబర్న్ మీద 11, టెక్సస్ ఎ అండ్ ఎం మీద 7 పాయింట్లకే ఆగిపోయిన రోజుల్లోనూ దాడి విఫలమైంది. 32 నుంచి 48కి ఎక్కిన సగటులో బ్రేడీ వాటా కచ్చితంగా ఉంది. కాదన్నది ఒక్కటే: ఆ వాటా మొత్తం అతనిదే అన్న మాట.

మూడో మాట సాధారణంగా నోటితో అనరు, కథలోనే దాచేస్తారు: "అతను తప్ప మిగతా జట్టు అలాగే ఉంది."

ఇదే అన్నిటికంటే పెద్ద అబద్ధం. కాలేజీ ఆటగాళ్లను ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా ఎంచుకునే 2020 డ్రాఫ్ట్‌లో ఎల్‌ఎస్‌యూ నుంచి పద్నాలుగు మంది ఎంపికయ్యారు. ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో ఒకే కాలేజీ నుంచి అంతమంది వెళ్లడం అప్పటికి రికార్డుతో సమానం. అందులో ఐదుగురు మొదటి రౌండ్‌లోనే. మొత్తం దేశంలో మొట్టమొదటి ఎంపిక క్వార్టర్‌బ్యాక్ జో బరో. అతను 2019లో విసిరిన పాస్‌లు 5,671 గజాలు, 60 టచ్‌డౌన్లు. బంతి ప్రత్యర్థి చేతికి చిక్కింది ఆరంటే ఆరుసార్లు. అతనితో పాటు 1,540 గజాల రిసీవర్ జస్టిన్ జెఫర్సన్ వెళ్లాడు, 1,414 గజాలు పరుగెత్తిన క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్ వెళ్లాడు. దేశంలోనే ఉత్తమ అఫెన్సివ్ లైన్‌గా (క్వార్టర్‌బ్యాక్‌కు కాపు కాసే వరుసగా) జో మూర్ అవార్డు గెలిచిన ఐదుగురిలో ముగ్గురు డ్రాఫ్ట్ అయ్యారు. ఇక మిగిలిన మెరుపు రిసీవర్ జమార్ చేజ్ కాదా అంటే, 1,780 గజాలు, 20 టచ్‌డౌన్లు చేసిన ఆ కుర్రాడు కోవిడ్ ఏడాదిలో ఆడకుండా ఎన్‌ఎఫ్‌ఎల్‌కు సిద్ధమవుతానని ఆగస్టులోనే తప్పుకున్నాడు.

రక్షణ విభాగం సంగతి మరీ దారుణం. దాన్ని నడిపిన డేవ్ అరాండా అదే జనవరిలో బేలర్ యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. అతని స్థానంలో వచ్చిన బో పెలీనీ ఆటగాళ్లను నిలబెట్టే పద్ధతినే మార్చాడు. ఆ మార్పును సాధన చేసుకోవాల్సిన వసంతకాలపు శిబిరం కోవిడ్‌తో మార్చిలోనే ఆగిపోయింది. ఒకే నెలలో ఇద్దరు కోచ్‌లు వెళితే ఊరంతా ఒకరి పేరే తలచుకుంటోంది, నష్టమేమో రెండోవాడి వైపు జరిగింది.

ఆపైన బ్రెనన్ మూడు మ్యాచ్‌ల్లో 1,112 గజాలు, 11 టచ్‌డౌన్లు చేసి గాయపడ్డాడు. ఆ మూడు మ్యాచ్‌ల లెక్క మరోసారి చదవండి. బ్రేడీ లేని దాడి అది. తర్వాత సీజన్‌ను మోసింది టి.జె. ఫిన్లే, మాక్స్ జాన్సన్. ఇద్దరూ కాలేజీలో అప్పుడే అడుగుపెట్టిన మొదటి సంవత్సరం పిల్లలు. ఆ మాక్స్ జాన్సనే డిసెంబర్‌లో పొగమంచు కమ్మిన రాత్రి ఫ్లోరిడాను వాళ్ల మైదానంలోనే 37-34తో ఓడించిన జట్టుకు క్వార్టర్‌బ్యాక్, ఆఖరి మ్యాచ్‌లో ఓల్ మిస్ మీద 53 పాయింట్లు చేసిన జట్టుకూ అతనే. కూలిపోయిన దాడి అంటే ఇదేనా?

నాలుగో మాట: "ఎక్కడైనా ఇంతే, కోఆర్డినేటర్ వెళితే పతనమే."

క్లెమ్సన్ దాడికి పేరు తెచ్చిన చాడ్ మారిస్ 2014 డిసెంబర్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. లోపలివాళ్లే అయిన టోనీ ఎలియట్, జెఫ్ స్కాట్‌లకు పగ్గాలు ఇచ్చారు. వెంటనే జరిగిన బౌల్ మ్యాచ్‌లో ఓక్లహోమాను 40-6తో ఓడించారు, మరుసటి ఏడాది 14 గెలిచి ఫైనల్‌కు చేరారు, ఆ తర్వాతి ఏడాది జాతీయ విజేతలయ్యారు. జార్జియా 2022లో విజేతగా నిలిచాక టాడ్ మాంకెన్ బాల్టిమోర్ రేవెన్స్‌కు వెళ్లాడు. 2023లో జార్జియా పదమూడు గెలిచి ఒక్కటే ఓడింది. అలబామాలో బ్రయన్ డేబోల్ 2017 టైటిల్ గెలిచి వెళ్లాడు, తర్వాత వచ్చిన మైక్ లాక్స్‌లీ ఏడాదికే మేరీలాండ్‌కు వెళ్లాడు, ఆ వెనక వచ్చిన స్టీవ్ సార్కీసియన్ 2020లో పదమూడుకు పదమూడు గెలిపించాడు.

అలబామా పేరెత్తితే ఎదురుగా లేన్ కిఫిన్ ఉదంతం పెడతారు. 2017 జనవరిలో ఫైనల్‌కు వారం ముందు కిఫిన్‌ను పంపేశారు, సార్కీసియన్ వచ్చాడు, అలబామా 35-31తో క్లెమ్సన్ చేతిలో ఓడింది. నిజమే. కానీ చివరి క్వార్టర్‌లో 21 పాయింట్లు ఇచ్చుకున్నది అలబామా రక్షణ. గెలుపు టచ్‌డౌన్ పడేనాటికి గడియారంలో మిగిలింది ఒక్క సెకను. అంతకు కొద్దిసేపటి ముందే దాడి టచ్‌డౌన్ చేసి జట్టును ఆధిక్యంలో నిలిపింది. ఒక్క సెకను తేడాతో పోయిన మ్యాచ్‌ను సూత్రానికి రుజువుగా నిలపలేం.

ఐదో మాటే అన్నిటికంటే నష్టం చేసింది: "బ్రేడీ పద్ధతిని తిరిగి తెచ్చుకుంటే అంతా సర్దుకుంటుంది."

దీన్ని నమ్మింది అభిమానులు మాత్రమే కాదు. 2020 సీజన్ ముగిశాక ఎన్స్‌మింగర్‌ను పక్కకు జరిపి, ఎల్‌ఎస్‌యూ నేరుగా పాంథర్స్ నుంచి, బ్రేడీ దగ్గర పనిచేస్తున్న జేక్ పీట్జ్‌ను అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా తెచ్చుకుంది. 2021లో జరిగింది ఏమిటి? పదమూడు మ్యాచ్‌ల్లో 345 పాయింట్లు, సగటు 26.5. ఆరు గెలుపులు, ఏడు ఓటములు. 'కూలిపోయిందని' అందరూ తిట్టిన ఎన్స్‌మింగర్ దాడి కంటే మ్యాచ్‌కు ఐదు పాయింట్లకు పైగా తక్కువ. ఆ అక్టోబర్‌లోనే హెడ్ కోచ్ ఎడ్ ఓర్జెరాన్ సీజన్ చివర్లో వైదొలుగుతాడని ప్రకటించారు. రోగమొకటి, మందొకటి అంటే ఇదే.

బ్రేడీ తర్వాతి ప్రయాణమూ ఇదే చెబుతుంది. పాంథర్స్ అతన్ని రెండో సీజన్ మధ్యలో, 2021 డిసెంబర్‌లో తొలగించింది. అక్కడ బరో లేడు, చేజ్ లేడు. తర్వాత బఫెలో బిల్స్‌లో జాష్ ఆలెన్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌తో కలిసి పనిచేశాక మళ్లీ రాణించాడు. ఆ దాడిని అతను నడిపిన 2024 సీజన్‌లో ఆలెన్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. అటువైపు బరో, చేజ్ కలిసి 2021 సీజన్‌లోనే సిన్సినాటిని ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ సూపర్‌బౌల్‌కు తీసుకెళ్లారు. జెఫర్సన్ మినెసోటాలో ఒకే సీజన్‌లో 1,809 గజాలు చేశాడు. ఇంతటి ఆటగాళ్లు ఒకే ఏడాది, ఒకే కాలేజీలో, ఒక రూపాయి జీతం లేకుండా ఆడారు. తమ పేరుతో సంపాదించుకునే హక్కు కాలేజీ ఆటగాళ్లకు వచ్చింది 2021 జులైలో. వాళ్ల చెమటను ఒక కోచ్ చేతి కాగితంలోకి కుదించేసినప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఎన్స్‌మింగర్ విషయంలో ఆ బాధ మరింత ఎక్కువ. 2019 డిసెంబర్ 28, ఓక్లహోమాతో సెమీఫైనల్. ఆ ఉదయం లూయిజియానాలోని లఫాయెట్‌లో ఒక చిన్న విమానం కూలింది. అట్లాంటాలో మ్యాచ్‌కు సిద్ధమవుతున్న ఆయనకు, అందులో ఉన్న తన కోడలు మరణించిందన్న కబురు ఆట మొదలవ్వకముందే చేరింది. ఆయన మెట్లెక్కి పైగదిలో తన కుర్చీలో కూర్చుని పని మొదలుపెట్టాడు. మొదటి సగం ముగిసేసరికి బరో ఏడు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, ఎల్‌ఎస్‌యూ 49 పాయింట్లు చేసింది, మ్యాచ్ 63-28తో ముగిసింది. ఆ సాయంత్రం ఆ గదిలో బ్రేడీ కూడా ఆయన పక్కనే ఉన్నాడు.