నాకు తేలిక కాదు, ముందు అలసటే వచ్చింది
కౌన్సెలింగ్ గురించి వచ్చిన వ్యాసంలో, మొదటి సెషన్ అయిపోగానే గుండెల మీది బరువు దిగిపోతుందని రాశారు. అందరికీ అలా జరగదు. నాకైతే ఆ రోజు బరువు ఇంకా పెరిగినట్టే అనిపించింది. అమ్మ పోయిన ఏడాదికి, నిద్ర పట్టక, విజయవాడలో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. 50 నిమిషాల్లో సగానికి పైగా ఆవిడ అడిగినవి ప్రశ్నలే: ఆకలి వేస్తోందా, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఇదివరకు మందులేమైనా వాడారా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా. అన్నిటికీ మామూలుగానే జవాబు చెప్పాను. అమ్మ ఆఖరి రోజు దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. బయటికొచ్చి స్కూటీ తాళం చేతిలో పట్టుకుని పార్కింగ్‌లో పావుగంట అలాగే నిలబడిపోయాను. ఇంటి మాట బయటి మనిషికి చెప్పేశానే అన్న బాధ, పైగా తలనొప్పి. ఆ రాత్రి అన్నం తినకుండానే పడుకున్నా. ఇక వెళ్లకూడదనుకున్నాను. ఎలాగో రెండోసారి వెళ్లి ఇదంతా ఆవిడకే చెప్పాను. ఇన్నాళ్లు లోపల దాచుకున్నది ఒక్కసారి బయటపడితే ఒకట్రెండు రోజులు అలా ఉండటం మామూలేనని, కాస్త నెమ్మదిగా వెళ్దామని అన్నారు. ఆ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే అంత కంగారు పడేదాన్ని కాదు. వ్యాసంలోనూ అది రాయాల్సింది, తేలిక పడలేదని అక్కడితో మానేసేవాళ్లు ఉంటారు. దిగులు రోజుల తరబడి తగ్గకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.