ఎనిమిదో నంబరును కాస్త వదిలేయండి

అమెరికాలో చదివే మన పిల్లలకు హైస్కూల్లో తరచుగా తగిలే నాటకం ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’. రెజినాల్డ్ రోజ్ 1954లో టీవీ కోసం రాశాడు, 1957లో సినిమాగా వచ్చింది. కేసు విని తీర్పు చెప్పే పన్నెండు మంది మామూలు పౌరుల (వాళ్లే జ్యూరీ, ఒక్కొక్కరు జ్యూరర్) కథ ఇది; వాళ్లను నంబర్లతోనే పిలుస్తారు. దీని మీద ఎస్సే రాయమంటే చాలు, అందరూ ఒకే టాపిక్ మీద పడతారు: ‘ఎనిమిదో జ్యూరర్ ధైర్యం’. పైగా ఇంట్లో పెద్దవాళ్ల సలహా ఒకటి, "సేఫ్ టాపిక్ తీసుకో, మార్కులు ఎక్కడికీ పోవు" అని.

అసలు అది టాపిక్కే కాదండీ. పదకొండు మంది కుర్రాడే తండ్రిని చంపాడన్నారు, ఒక్కడు ఆగమన్నాడు, చివరికి అందరూ అతని వైపు వచ్చారు. ఇది కథ. టీచరుకు ఈ కథ కంఠతా వచ్చు. ఆయన ధైర్యవంతుడు కాదని వాదించేవాడు ఎవడూ లేనప్పుడు, ఆయన ధైర్యవంతుడని నాలుగు పేజీలు నిరూపించడం దేనికి?

మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కోర్టు నాటకం అనగానే మన బుర్రలోకి నల్లకోట్లు, బోను, ‘అబ్జెక్షన్ యువరానర్’ వచ్చేస్తాయి. ఇందులో లాయర్ల వాదనలే వినపడవు. సినిమాలో కుర్రాడి ముఖం కొద్ది క్షణాలే కనిపిస్తుంది. మిగతాదంతా ఉక్కపోతలో ఒక గది, పన్నెండు మంది. కుర్రాడు చంపాడా లేదా అన్నది నాటకం చివరిదాకా తేల్చదు. ఎనిమిదో నంబరు కూడా అతను చంపలేదని ఎక్కడా ప్రమాణం చేయడు. సందేహానికి చోటుందా లేదా, అంతే ఆయన అడిగేది. ఇది పట్టుకోకుండా ‘అమాయకుణ్ణి కాపాడిన వీరుడు’ అని మొదలుపెడితే మొదటి వాక్యంలోనే కథ అడ్డం తిరిగినట్టు.

ఆయన గురించే రాయాలనుకుంటే, కత్తి గురించి రాయండి. హత్యకు వాడిన కత్తి చాలా అరుదైనదని అందరూ అనుకుంటుంటే, ఈయన జేబులోంచి అలాంటిదే తీసి టేబుల్లో దిగేస్తాడు. ముందు రాత్రి కుర్రాడి పేటలో నడుచుకుంటూ వెళ్లి, తాకట్టు కొట్టులో కొన్నాడట. చప్పట్లు కొట్టాల్సిన సీనే. కానీ జ్యూరర్లు కోర్టులో చూపించిన సాక్ష్యం మీదే తేల్చాలి, సొంత దర్యాప్తులు కుదరవు. నిజం కేసులో ఇది బయటపడితే ఆ విచారణే రద్దు కావచ్చు. న్యాయం కోసం రూలు తప్పినవాణ్ణి మెచ్చుకోవాలా? ఇదీ ప్రశ్నంటే. దీనికి అవుననీ రాయొచ్చు, కాదనీ రాయొచ్చు.

నన్నడిగితే ఇంకా గట్టి సరుకు ఏడో నంబరు దగ్గరుంది. సినిమాలో ఆయన జేబులో బేస్‌బాల్ టికెట్లున్నాయి, ఎప్పుడు బయటపడదామా అని చూస్తుంటాడు. గాలి నిర్దోషి అనే వైపు తిరిగిందని తెలియగానే ఓటు మార్చేస్తాడు. వలస వచ్చిన గడియారాల పనివాడు, పదకొండో నంబరు, ఊరుకోడు. ఎందుకు మార్చావో చెప్పమని నిలదీస్తాడు. గమనించండి, ఆ ఓటు పదకొండో నంబరుకు కావలసిన వైపే పడింది, అయినా కోపం! ఎందుకంటే విసుగుతో వేసిన ఆ ఓటు కూడా, చెమటోడ్చి ఆలోచించి వేసిన ఓటుతో సమానంగానే లెక్కకొస్తుంది. తీర్పు సరైనదైనా దారి తప్పుదైతే సరిపోతుందా? మా అక్క కూతురికి ఇది చెబితే మొదట "మామయ్యా, వాడు కామెడీ క్యారెక్టర్ కదా" అంది. రాయడం మొదలుపెట్టాక పేజీలు చాల్లేదంది.

మన దేశం వైపు నుంచి చూసినా ఒక టాపిక్ దొరుకుతుంది. 1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో జ్యూరీ 8–1తో నిర్దోషి అంది. ఆ ఒక్కరి కోసం ఎవరూ ఆగలేదు, మెజారిటీయే జ్యూరీ మాటగా నిలిచింది. జడ్జికి అది మింగుడు పడక హైకోర్టుకు పంపారు. అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రోజ్ నాటకంలోని గదికి ఈ మెజారిటీ రూలే వర్తిస్తే? మొదటి ఓటింగులోనే 11–1. కుర్రాడి పని అయిపోయేది, మనకు నాటకమే ఉండేది కాదు. అంటే అక్కడ పనిచేసింది ఒక మనిషి ధైర్యమా, అందరూ ఒక్క మాట మీదికి రావాలన్న రూలా? దీని మీద ఎవరైనా పిల్లలు రాస్తే నాకు పంపండి, ఆనందంగా చదువుతాను.

ఇంకో మాట. సినిమా చూసేసి నాటకం చదివామని రాయకండి. 1954 టీవీ నాటకంలో ఏడో నంబరు దగ్గరుండేవి బేస్‌బాల్ టికెట్లు కావు, థియేటరు టికెట్లు. పట్టుకోవాలనుకున్న టీచరుకు ఆ ఒక్క ముక్క చాలు.