12 మంది బంధువులు, 14 రోజుల దీక్ష

పెళ్లికి పిలిస్తే తప్పించుకోవడానికి మన గుంటూరులో వంద సాకులున్నాయి. యాప్ టెస్ట్ వెర్షన్ వేసుకోమంటే మాత్రం ఒక్కటీ చెల్లదు. అడిగేవాడు మేనల్లుడు, అడిగేది జేబులో ఉన్న ఫోను. ఊళ్లో లేనని చెప్పినా, ఆ చెప్పేది ఫోనులోనే కదా!

మావాడు తయారుచేసిన యాప్, కోల్డ్ స్టోరేజీల్లో ఏ రైతువి ఎన్ని మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఉన్నాయో లెక్క చెబుతుంది. మంచి ఆలోచనే. కానీ నేను రాయబోయేది యాప్ గురించి కాదు, దాన్ని ఫోనులోకి ఎక్కించడం గురించి. ఎందుకో చివరికి తెలుస్తుంది.

మొదట వాడు ఏపీకే ఫైలును, అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఎక్కించే మూటను, జీమెయిల్‌లో పంపబోయాడు. జీమెయిల్ అలాంటి ఫైళ్లను రానివ్వదు, జిప్ మూటలో దాచినా పసిగట్టేస్తుంది. అందుకని వాట్సాప్‌లో పంపాడు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని. శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే పంపి ఖాతాలు ఖాళీ చేసే దొంగల గురించి బంధువులందరికీ రెండేళ్లుగా క్లాసు పీకుతున్నవాణ్ని. ఇప్పుడు అదే బంధువులకు ఫోను చేసి, "తెలియని యాప్‌లను అనుమతించు" అని ఫోను అడిగితే అవునని నొక్కండి, ఫోనులో గూగుల్ పెట్టిన కాపలాదారు ప్లే ప్రొటెక్ట్ హెచ్చరించినా భయపడకండి అని బతిమాలాను. అవతలివైపు నిశ్శబ్దం. మా ఆవిడ ఎదురుగానే ఉంది కాబట్టి నిశ్శబ్దంగా ఉండలేదు. "ఇలాంటివి నొక్కవద్దని గోడ మీద కాగితం అంటించింది మీరే కదండీ?" అంది. కాగితం ఇంకా అక్కడే ఉంది. దాని మీద సంతకం కూడా నాదే.

వాట్సాప్ దారి అలా మూసుకుపోవడంతో ల్యాప్‌టాప్ నుంచి నేరుగా ఎక్కిద్దామని మేనల్లుడు కేబులు పట్టుకుని ఇంటికే వచ్చాడు. దానికి ముందు ఫోనులో డెవలపర్ సెట్టింగులు తెరవాలట. సెట్టింగుల్లోకి వెళ్లి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కాడు. "మీరిప్పుడు డెవలపర్" అని ఫోను ప్రకటించింది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నాకు వచ్చినవి రెండే ప్రమోషన్లు. మూడోది ఏడు వేలిపోట్లతో వచ్చింది. సప్తపది సంసారిని చేస్తుంది, ఇది సాఫ్ట్‌వేర్ నిపుణుణ్ని చేస్తుంది. ఆ సాయంత్రం బ్రాడీపేటలో కాఫీ తాగుతూ ఈ విషయం నలుగురికీ చెప్పాను. ఎవరూ లేచి కుర్చీ ఇవ్వలేదు.

రెండో వెర్షన్‌ను వాడు స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేశాడు, అంటే రాసిన కోడ్‌ను యాప్‌గా మార్చాడు. మావాడి సొంత ల్యాప్‌టాప్‌లో బిల్డ్ మొదలయితే పక్క గదిలోకి ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది, కరెంటు పోతే మళ్లీ మొదటికి వస్తుందట. అలా వచ్చిన కొత్త ఏపీకేను నొక్కితే "యాప్ ఇన్‌స్టాల్ కాలేదు" అంది ఫోను. కారణం విని నా గుండె ఉప్పొంగింది: సంతకం కలవలేదు! ప్రతి కంప్యూటరూ తన సొంత డీబగ్ కీతో, అంటే పరీక్షల కోసం వాడే రహస్య ముద్రతో, యాప్ మీద సంతకం చేస్తుంది. పాతదాని సంతకం ఒకటి, కొత్తదానిది మరొకటి అయితే ఆండ్రాయిడ్ రానివ్వదు. సంతకం కలవలేదని నేను ఎన్ని చెక్కులు తిప్పి పంపానో లెక్కలేదు. నా వృత్తిధర్మాన్ని ఈ కాలంలో పాటిస్తున్నది ఫోను ఒక్కటే. ఆ డీబగ్ సంతకానికి గడువు 30 ఏళ్లట. మావాడి వెర్షన్లలో ఏదీ మూడు రోజులు నిలవలేదు.

"పాతది తీసేస్తే అందులో మీరు ఎక్కించిన వివరాలన్నీ పోతాయి మామయ్యా" అన్నాడు వాడు, బాధగా.

"ఫరవాలేదు నాయనా, నీ కోసం ఆ మాత్రం త్యాగం చేయలేనా?" అన్నాను. అందులో ఏముందో నాకొక్కడికే తెలుసు.

ఇక అసలు దీక్ష. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకు గూగుల్ ప్లే ఒక నియమం పెట్టింది. యాప్‌ను లోకం మీదికి వదిలేముందు 20 మంది వరుసగా 14 రోజులు టెస్టర్ల జాబితాలో ఉండాలి. 2024 డిసెంబరులో ఆ 20ని 12 చేశారు. అయ్యప్ప దీక్ష 41 రోజులు. అంకెలు తిరగేస్తే ఇది. తగ్గింపు మాత్రం ఘోరమైన పొరపాటని నా నిశ్చితాభిప్రాయం. ఇరవై మందయితే వియ్యాలవారినీ కలుపుకోవచ్చు. పన్నెండుకు మనవాళ్లే సరిపోయారు. "మాతో ఒక్క మాటయినా చెప్పలేదేం?" అని ఇప్పుడు వాళ్లు అలిగారు. టెస్టు దేనికో వాళ్లకు తెలియదు, పిలుపు రాలేదని మాత్రం తెలుసు.

పిలుపు అందినవాళ్ల తీరు వేరు. "0.4.14 వేసుకున్నారా?" అని మేనల్లుడు కొత్త వెర్షన్ నంబరుతో మెసేజ్ పెడితే, మా పెద్దమ్మ దాన్ని బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అనుకుని, అక్కడ ఎవరింట్లో ఫంక్షన్ అని అడిగింది.

పద్నాలుగో రోజు గడిచింది. వచ్చిన అభిప్రాయాలు: "బాగుంది" ఏడు, చప్పట్ల బొమ్మలు మూడు, గులాబీ పువ్వుతో శుభోదయం ఒకటి. పన్నెండోది నాది. టెస్టర్లు ఏం చెప్పారో, దాన్నిబట్టి ఏం మార్చారో గూగుల్‌కు రాసివ్వాలట. "మామయ్యా, మీరు బ్యాంకు మనిషి, ఒక్క లోపమైనా చెప్పండి" అన్నాడు వాడు, దాదాపు కన్నీళ్లతో.

సరేనని యాప్‌ను మొదటిసారి తెరిచాను. ఫోను నంబరు అడిగింది, ఇచ్చాను. ఓటీపీ వస్తుందంది. అరగంట చూశాను, రాలేదు. మరో రెండుసార్లు ప్రయత్నించి, మేనల్లుడికి ఫోను చేశాను.

"ఎప్పటినుంచి రావడం లేదు?" అన్నాడు వాడు.