భూమిలో దొరికినదాన్ని దయచేసి తోమకండి

మట్టిలో ఏదో పాత వస్తువు దొరికిందని ఫోటో చూపిస్తే చాలు, మన హైదరాబాద్‌లో వచ్చే మొదటి ప్రశ్న "ఎంతొస్తది భాయ్?" రెండోది "ఇరిడియమేమో చూడు" (అదో అరుదైన, ఖరీదైన లోహం). అదేంటి, ఎవరు వాడారు, ఎక్కడ, ఎంత లోతులో దొరికింది అని అడిగే మనిషే కనిపించడం లేదు. పాత నాణేలన్నా పాత ఇనుమన్నా నాకు ప్రాణం. అందుకే ఈ కోపం.

అంతకంటే బాధ కలిగించేది తోమడం. దొరికిన పది నిమిషాల్లో చింతపండు, నిమ్మకాయ, గిన్నెల పొడి, చివరికి ఇనుప బ్రష్. తళతళలాడేలా చేసి, అప్పుడు ఫోటో పంపి "అన్నా, ఇదేంటో చెప్పు" అంటారు. రాగి మీద, కంచు మీద పట్టిన పచ్చటి పొర మురికి కాదండీ. ఏళ్ల తరబడి మట్టిలో ఉండి లోహమే అలా మారింది. అక్షరాల అంచులు చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. పులుపు తగిలితే పొరతో పాటు అవీ పోతాయి.

మన చార్మినార్ రూపాయినే తీసుకోండి. 1903 ప్రాంతం నుంచి వచ్చిన ఈ వెండి నాణెం మీద చార్మినార్ బొమ్మ, దాని మధ్య కమానులో చిన్న ఉర్దూ అక్షరం ఉంటాయి. 'మీమ్' ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. 'ఐన్' ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. 1911లో గద్దె మారిన సంగతి ఆ ఒక్క అక్షరంలో ఉంది. గట్టిగా రుద్దితే అరిగిపోయేవి ఇలాంటి చిన్న గీతలే.

మెటల్ డిటెక్టర్ మోగగానే నిధి అనుకునేవాళ్లకు ఇంకో మాట. ఎక్కువగా తగిలేది ఇనుమే, అందులోనూ చాలామందికి అంతుపట్టనిది ఒకటుంది. నెలవంకలా వంగిన పలచని ముక్క, అంచు వెంట చిన్న చిన్న రంధ్రాలు. కొందరు తాయెత్తంటారు, కొందరు కత్తి ముక్కంటారు. అది ఎద్దు నాడా. గుర్రానికి నాడా ఒకటే ముక్క. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు కొట్టాలి. రంధ్రంలో అరిగిన మేకు తల ఇరుక్కుని ఉందంటే ఇక అనుమానమే అక్కర్లేదు. అక్కడే ఇరుసు సీల, బండి చక్రం పట్టా ముక్క కూడా దొరికితే ఒకప్పుడు అటుగా బండ్ల బాట ఉండేదేమోనని ఆలోచించవచ్చు. ఏది ఏ చోట దొరికిందో రాసుకోకుండా అన్నీ ఒకే సంచిలో వేస్తే ఆ సంగతి ఇంకెవరూ చెప్పలేరు.

సీసం ముక్కల్ని పారేసేవాళ్లను చూస్తే మరీ బాధ. సాతవాహనులు సీసంతో కూడా నాణేలు వేశారు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ తవ్వకాల్లో (ఐటీ ఆఫీసుల కొండాపూర్ కాదు) అలాంటివి బయటపడ్డాయి. చూడ్డానికి బూడిద రంగు బిళ్ళలే, కానీ దాదాపు రెండు వేల ఏళ్ల నాటివి.

మోసాల సంగతి కూడా చెప్పాలి. ఇరిడియం ఉంది, బియ్యం గింజల్ని లాగుతుంది అంటూ రాగి చెంబు చూపించి లక్షలు గుంజుతున్నారు. రాగికి ఆ గుణం లేనే లేదు. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో 1818 అని ఉన్న ఈస్టిండియా కంపెనీ అర్ధణా కూడా అంతే. కంపెనీ అలాంటి నాణెం వేయనే లేదు.

చట్టం అంటే భయపడి దాచేస్తున్నారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు. అదే చట్టంలో దొరికించుకున్నవాళ్లకు వాటా కూడా ఉంది. ఈ మాట ఎవరూ చెప్పరు! ఇక గోల్కొండ లాంటి రక్షిత చోట్ల అనుమతి లేకుండా తవ్వడం నేరం, అక్కడికి డిటెక్టర్ పట్టుకుని వెళ్లకండి.

ఇంగ్లండ్, వేల్స్‌లో 1997 నుంచి ఒక పథకం నడుస్తోంది. మామూలు జనం తమకు దొరికినవి తెచ్చి చూపిస్తే నిపుణులు చూసి, గుర్తించి, చోటుతో సహా నమోదు చేస్తారు. ఇప్పటికి పది లక్షలకు పైగా వస్తువులు రికార్డయ్యాయి. మన పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో కూడా నెలకో శనివారం ఒక బల్ల వేసి, నాణేలు తెలిసిన మనిషిని కూర్చోబెట్టాలి. భయపెట్టకుండా "ఇది ఫలానా" అని చెప్పి, రాసుకుని, చట్టప్రకారం ఏం చేయాలో వివరించాలి. అలా పెడితే ఫోటోలు తీయడానికి, కొలతలు రాయడానికి నేను ఊరికే వచ్చి పనిచేస్తాను. ఇంకెవరికైనా ఆసక్తి ఉంటే చెప్పండి, కలిసి అర్జీ పెడదాం.